ప్రశ్న ఉండనివ్వండి, పేరు తీయించండి

ప్రశ్న: కాన్పయిన మూడో నెలలో నాకు ఏడుపు ఆగేది కాదు, నిద్ర పట్టేది కాదు. బాలింతల దిగులు గురించి ఒక డాక్టరుగారు జూమ్‌లో వెబినార్ పెడితే చేరాను. చివర్లో చెయ్యెత్తి, పాపను ఎత్తుకోవాలని కూడా అనిపించడం లేదని చెప్పుకున్నాను. మొన్న మా తోడికోడలు యూట్యూబ్ లింకు పంపింది. అందులో నా పేరు, గొంతు రెండూ ఉన్నాయి. ఇంట్లో అందరూ చూశారు. రికార్డు చేస్తున్నారని తెలిసీ మాట్లాడావు, తప్పు నీదే అంటున్నారు. ఏం చెయ్యను?
– ఓ పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: తప్పు మీది కాదమ్మా. రికార్డు చేస్తున్నామని చెప్పారు. దాన్ని ఊరందరికీ చూపిస్తామని చెప్పారా? మొదటిదానికి ఊఁ అన్నంత మాత్రాన రెండోదానికి ఒప్పుకున్నట్టు కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, సమాచారాన్ని దేనికి వాడతారో ఆ పని చెప్పి మరీ అనుమతి అడగమంటోంది. అందులోని ముఖ్యమైన బాధ్యతలు పూర్తిగా అమల్లోకి రావడానికి 2027 దాకా గడువిచ్చారు. మీరు అప్పటిదాకా ఆగక్కర్లేదు.

ఈ రోజే నిర్వాహకులకు మెయిల్ రాయండి. మీ మాటలు ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉన్నాయో రాసి, ఆ ముక్క తీసెయ్యమనండి. యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలోంచి కూడా మధ్య ముక్క కత్తిరించవచ్చు. లింకు మారదు, చూసినవాళ్ల లెక్క పోదు. కాబట్టి కుదరదనడానికి వాళ్లకు సాకు లేదు. వాళ్లు పలకకపోతే యూట్యూబ్‌కే గోప్యత ఫిర్యాదు పెట్టండి. పూర్తి పేరు, గొంతు, ముఖం వంటివాటితో మనిషిని గుర్తుపట్టగలిగితే దాన్ని పరిశీలిస్తారు. సాధారణంగా వీడియో పెట్టినవాళ్లకు 48 గంటల గడువిచ్చి, తర్వాత చూస్తారు.

ఈ మాట అధికారంతో చెప్పడం లేదు, అనుభవంతో చెబుతున్నాను. విజయవాడలో పిల్లల తల్లిదండ్రుల కోసం ఆన్‌లైన్ సమావేశాలు నడుపుతుంటాను. 2021లో ఒకావిడ, పదకొండేళ్ల కొడుకు ఇంకా పక్క తడుపుతున్నాడని అడిగారు. పదిమందికి పనికొస్తుందని ఆ రికార్డింగు ఉన్నదున్నట్టు పెట్టేశాను. తెర మీద ఆవిడ పేరు ఉంది. తోటి పిల్లాడెవరో చూశాడు. ఆ బాబు ట్యూషన్ మానేశాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. సమావేశాలకు రావడం మానేశారు. వీడియో ఆ రాత్రే తీసేశాను. బాబు మాత్రం ఆ ట్యూషన్‌కి మళ్లీ వెళ్లలేదు.

అప్పటినుంచి మా దగ్గర పద్ధతి మారింది. ప్రసంగం అవ్వగానే రికార్డింగు ఆపుతాం. ప్రశ్నలన్నీ అయ్యాక మళ్లీ మొదలుపెడతాం. అప్పుడు డాక్టరుగారు ఒక్కో ప్రశ్ననూ పేరు, ఊరు, వయసు లేకుండా తన మాటల్లో చెప్పి జవాబిస్తారు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి. జూమ్ వెబినార్‌లో పేరు కనబడకుండా ప్రశ్న పంపే వీలుంది, కానీ నిర్వాహకులు దాన్ని ముందే తెరిచి ఉంచాలి. రికార్డింగులో పాల్గొన్నవాళ్ల పేర్లు రాకుండా చేసే సెట్టింగూ ఉంది. చాలామంది మరిచిపోయేది చాట్‌ని. కంప్యూటర్లో రికార్డు చేస్తే వీడియో పక్కనే చాట్ ఫైలు కూడా దాచుకునే సెట్టింగు ఉంది. రికార్డు చేస్తున్న మనిషికి విడిగా పంపిన కబుర్లు కూడా అందులో చేరతాయి. ఆ ఫోల్డరు మొత్తం ఎవరికీ పంపకండి.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. మీకున్నది జబ్బు, బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు. చికిత్సతో తగ్గుతుంది. ఆ వెబినార్‌కి మీరు వెళ్లింది అందుకే కదా, ఈ గొడవలో పడి వైద్యం ఆపకండి. రాత్రిపూట మనసు మరీ కుంగితే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు. మీ తోడికోడలికి కోపంతో కాకుండా ఒక్క మాట చెప్పండి: ఆ లింకు ఇంకెవరికీ పంపొద్దని, ఇప్పటికే పంపినచోట తుడిచెయ్యమని.

వారం తర్వాత కూడా వీడియో అలాగే ఉంటే నాకు మళ్లీ రాయండి. ఫిర్యాదు ఫారం ఇద్దరం కలిసి నింపుదాం.