కవరు లేని ఉత్తరం గురించి బుజ్జికి

సత్యనారాయణపురం,
విజయవాడ

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మీ పచ్చళ్ళ కొట్టు పాత కస్టమర్లందరికీ కవరు లేకుండా మడతపెట్టిన రంగుల కాగితం పోస్టులో పంపబోతున్నారట. వాట్సాప్‌లో వంద మెసేజ్‌ల మధ్య మనది ఎవరు చూస్తారు, కాగితమైతే చేతికి తగులుతుంది అన్నావట. ప్రెస్సు బైండింగ్ సెక్షన్‌లో కాగితాలు మడతపెట్టి బతికినదాన్ని. మా పిల్ల మళ్ళీ కాగితాన్ని నమ్ముకుంటానంటే గర్వంగా ఉండదా? ఆ వెంటనే గాజులు బ్యాంకులో పెట్టి పది వేల కాపీలు వేయిస్తావని కూడా చెప్పింది. ఇక నిద్రెక్కడిది? ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు గాని వినవు. అందుకని రాస్తున్నాను.

ముందు గాజుల సంగతి. ప్రెస్సువాళ్ళు ఎక్కువ వేయించుకుంటే కాపీ చవక అంటారు. అబద్ధం కాదు. ముందు ప్లేట్లు చేసి వాటితో అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు ఐదొందలకైనా ఐదు వేలకైనా ఒకటే. కానీ కాపీ ధర తగ్గినట్టు స్టాంపు ధర తగ్గదు బుజ్జీ. పది వేల కాగితాలకి పది వేల స్టాంపులు. ఐదొందలు డిజిటల్‌లో వేయించు, కంప్యూటర్ నుంచి నేరుగా అచ్చవుతుంది, ప్లేట్లే అక్కర్లేదు. మీ దగ్గర ఏడాదిలో రెండుసార్లకు మించి కొన్నవాళ్ళకే పంపు. సగం కాగితాల మీద "ఆవకాయ" అని చెబితే తగ్గింపు, సగం మీద "గోంగూర" అని చెబితే కొరియర్ ఉచితం అని వేయించు. ఫోన్ చేసినవాళ్ళు ఏ మాట చెబుతున్నారో ఒక నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటే ఏది పనిచేసిందో నీకే తెలుస్తుంది. పోస్టు ఖర్చు, అచ్చు ఖర్చు కలిపి వచ్చిన లాభంతో సరిచూసుకున్నాక మిగతా మాట. గాజులు చేతికే ఉంచు. అవి మీ అమ్మ ఎలా చేయించిందో నాకు తెలుసు.

కవరు లేని ఉత్తరం మనకి కొత్తేమీ కాదు. నీలం ఇన్‌లాండ్ లెటరు అదే కదా. ఒకే కాగితం, లోపల మాట, పైన అడ్రసు, అంచులకి గమ్ము. అమెరికాలో దీన్ని సెల్ఫ్ మెయిలర్ అంటారని మీ అన్నయ్య చెప్పాడు. కిందటిసారి వచ్చినప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చినదొకటి తెచ్చి చూపించాడు. అక్కడ మెషీన్లే ఉత్తరాలు వేరుచేస్తాయి కాబట్టి వీటికి 2013 నుంచి కొత్త నిబంధనలు పెట్టారట. అడ్డంగా ఉండే కాగితానికి చివరి మడత కింది వైపు రావాలి, నోరు తెరుచుకోకుండా బిళ్ళ స్టిక్కర్లో గమ్మో ఉండాలి, బరువు 3 ఔన్సులు దాటకూడదు. మన దగ్గర చాలా చోట్ల చేతులతోనే వేరుచేస్తారు గాని, మడత కింద, నోరు పైన అన్న పద్ధతి మనకీ మంచిదే. కట్టలు కట్టేటప్పుడు తెరిచిన అంచులోకి పక్క ఉత్తరం దూరిపోతే రెండూ దారి తప్పుతాయి.

లోపల చిన్న కారప్పొడి ప్యాకెట్ అంటించాలన్నది ఎవరి ఆలోచన? అల్లుడుగారిదైతే నేను చెప్పానని చెప్పకు, నువ్వే మెల్లగా మాన్పించు. పోస్టాఫీసులో ముద్ర కొట్టడం ఎప్పుడైనా చూశావా? సుత్తి దెబ్బే. గుంటూరు కారం ఆ దెబ్బకి పగిలితే ఎవరిదో పెళ్ళి శుభలేఖ ఎర్రగా అవుతుంది, ఆ సార్టింగ్ చేసే మనిషి కళ్ళు మండి మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఇన్‌లాండ్ లెటర్ మీద లోపల ఏమీ పెట్టకూడదని అచ్చువేసేది ఊరికే కాదు.

కాగితం గురించి. ఉత్తరం బరువు 20 గ్రాముల మెట్ల మీద లెక్క. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క. ఏ4 సైజు 130 జీఎస్ఎం అయితే 8 గ్రాములు, భయం లేదు. పెద్దగా ఉండాలని ఏ3కి వెళ్ళి, మందంగా ఉండాలని 170 జీఎస్ఎం ఎంచుకున్నావనుకో, 21 గ్రాములు దాటుతుంది. ఒక్క గ్రాము కోసం ప్రతి కాగితానికీ రెండో మెట్టు ధర కడతావు. అదే ఏ3 130లో 16 గ్రాములే. రేట్లు మాత్రం నన్నడక్కు. పోస్టాఫీసు చట్టమే కొత్తది వచ్చింది, 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. నమూనా కాగితం పట్టుకుని కౌంటరుకే వెళ్ళి తూకం వేయించుకుని అడుగు. పేర్లు లేకుండా వీధి మొత్తానికి పంచే డైరెక్ట్ పోస్ట్ అని ఒకటి ఉంది. అది మీకిప్పుడు వద్దు.

మడతకి ఏ4ని మూడు సమాన భాగాలు చేయకూడదు. 100, 100, 97 మిల్లీమీటర్లు. లోపలికి వెళ్ళే రేకు కాస్త పొట్టిగా లేకపోతే ఉబ్బి నిలబడుతుంది. కాగితానికి పీచు ఉంటుంది, మడత ఆ పీచు వెంబడి పడాలి. అడ్డంగా పడితే రంగు పగిలి తెల్ల గీత వస్తుంది, ముఖ్యంగా మీరు వేయబోయే మిరపపండు ఎరుపు మీద. ఏ వైపు పీచో తెలియాలంటే రెండు వైపులా మడిచి చూడు, ఒక వైపు నున్నగా వస్తుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. మందం కాగితమైతే ముందు క్రీజింగ్ వేయించు, అంటే మడత పడే చోట గాడి నొక్కించు. క్యూఆర్ కోడ్ మడత మీద పడనివ్వకు, ఫోన్ చదవలేకపోవచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ ఆహార లైసెన్సు 14 అంకెల నంబరు వెయ్యండి, తినే సరుకు కదా.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. మీ అమ్మ పంపిన డిజైన్ ఫోటో చూశాను. అడ్రసు రాసే వైపు కింద మీ కొట్టు పేరు, బ్రాడీపేట, గుంటూరు, పిన్ కోడ్ లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. కస్టమర్ అడ్రసుకి పైన అగ్గిపెట్టంత చోటు మిగిల్చారు. అది చూసి నా గుండె జారిపోయింది.

నేను ఇక్కడ గాంధీనగర్‌ ప్రెస్సులో పనిచేసే రోజుల్లో గుంటూరు నుంచి ఒక బట్టల షాపాయన సంక్రాంతికి ఇలాంటిదే వేయించాడు. మంచి ఆర్ట్ పేపరు, పై వైపు మొత్తం మెరిసే లామినేషను. అడ్రసు వైపు కింద తన షాపు పేరు, ఊరు, పిన్ కోడ్ ఇంతలావు అక్షరాలు. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఉన్నా జనం తన పేరే చదవాలన్నాడు. అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రూఫు మా బల్ల మీదకి వచ్చినప్పుడు మా ఓనరుతో "సార్, రాయడానికి చోటేదీ, ఆ నున్నదనం మీద పెన్ను నిలవదు" అన్నాను. "నీ పని మడత పెట్టడం, కానివ్వు" అన్నాడాయన. అందరి ముందూ అన్నాడు. కానిచ్చాం. బాల్ పెన్నుతో రాస్తే సిరా బొటనవేలికి అంటుకొచ్చేది. అప్పుడు అడ్రసులు స్లిప్పుల మీద రాసి అంటించమన్నారు. ఆడవాళ్ళం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని అంటించాం. ఆ లామినేషన్ మీద గమ్ము ఎక్కడ పట్టింది? కట్ట తిరగేస్తేనే కొన్ని స్లిప్పులు రాలేవి. ఎవరిది దేనిదో తెలియక మళ్ళీ లెడ్జరు చూసి సరిచేసేవాళ్ళం.

పండగ ముందు సంచులు పోస్టుకి వెళ్ళాయి. పండగ వెళ్ళిన తరవాత పోస్ట్‌మ్యాన్ సైకిలు మీద సంచి వేసుకుని ఆ షాపుకే వచ్చాడు. ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. స్లిప్పు ఊడిన ప్రతి కాగితం మీదా మిగిలిన అడ్రసు ఒక్కటే, షాపుది. స్లిప్పు ఊడనివి కూడా చాలా తిరిగొచ్చాయి. వందల ఉత్తరాలు చకచకా వేరుచేసే మనిషి కన్ను కింద లావుగా కనిపించే పిన్ కోడ్ మీదే పడుతుంది. ఆయనది తప్పంటావా? కాగితం మీద రెండు ఊళ్ళుంటే పెద్దగా ఉన్న ఊరికి పంపాడు. షాపాయన డబ్బు పెట్టి తన ఉత్తరాలు తనకే రాసుకున్నట్టయింది.

ఆయన ప్రెస్సుకొచ్చి కేకలేశాడు, బిల్లు సగం కోశాడు. మా ఓనరు ఆ సగం మా కూలీలో కోశాడు, స్లిప్పులు సరిగ్గా అంటించలేదని. ఆ డబ్బు మీ అమ్మ పదో తరగతి పరీక్ష ఫీజు కోసం దాచుకుంటున్నది. పక్కింటి మామ్మగారు అప్పిచ్చి ఆదుకుంది. మీ అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. ఇది చదివాక నువ్వూ చెప్పకు, ఊరికే బాధపడుతుంది.

కాబట్టి బుజ్జీ, ఇది బతిమాలి చెబుతున్నాను. లోపలి రేకులు మూడూ నీవి, ఆవకాయ జాడీ ఫోటో వేసుకో, మీ అత్తగారి ఫోటో వేసుకో. అడ్రసు ముఖం మాత్రం పోస్ట్‌మ్యాన్‌ది. అక్కడ మెరుపు, లామినేషన్, ముదురు రంగు ఏవీ వద్దు. మీ అడ్రసు పైన ఎడమ మూల చిన్నక్షరాల్లో "అందకపోతే" అని వేసి సరిపెట్టు. కుడి మూల స్టాంపుకీ ముద్రకీ వదిలెయ్. నడుమ నుంచి కిందిదాకా తెల్లగా కస్టమర్ అడ్రసుకే. మెరుపు లేని మామూలు మాప్లిథో కాగితం 100 జీఎస్ఎం అయితే పెన్నూ నిలుస్తుంది, గమ్మూ పడుతుంది, చవక కూడా. అందం తగ్గుతుందని డిజైనర్ కుర్రాడు మూతి ముడుస్తాడు. ముడవనీ.

కవరు లేదంటే గుట్టు లేదని కూడా గుర్తుపెట్టుకో. అపార్ట్‌మెంట్ వాచ్‌మ్యాన్ చదువుతాడు, ఎదురింటావిడ చదువుతుంది. "మీ పాత బాకీ" అనో, "మీ షుగరుకి నూనె తగ్గించి చేశాం" అనో పేరు పెట్టి రాయకు. బాకీ సంగతి ఫోన్‌లో అడుగు. అలాగే ఎవరో అడ్రసుల లిస్టు అమ్ముతానంటే కొనకు. ఊరూపేరూ తెలియనివాళ్ళకి పంపేది చెత్తబుట్టకే పోతుంది, పైగా ఇప్పుడు జనం సొంత వివరాలు కాపాడే 2023 డేటా చట్టం కూడా వచ్చింది. మీ లెడ్జరే మీ ఆస్తి. ఒకే ఇంట్లో రెండు పేర్లుంటే ఒకటే పంపు. పెద్దవాళ్ళ పేర్ల దగ్గర ఒకసారి కనుక్కుని రాయి, పోయిన మనిషి పేరుతో ఉత్తరం వస్తే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఆలోచించు.

బెంగళూరు, చెన్నై అడ్రసులు ఇంగ్లీషులోనే రాయండి. ఎలా రాసినా పిన్ కోడ్ ఆరంకెలూ స్పష్టంగా ఉండాలి. 1972 ఆగస్టు 15న అది వచ్చిందే ఒకే పేరున్న ఊళ్ళ గందరగోళం, రకరకాల భాషల గందరగోళం తప్పించడానికి. మొదటి మూడంకెలు చూసి కట్టలు కట్టి ఇవ్వండి, 520 మాది, 522 మీది, 500 హైదరాబాదు, 560 బెంగళూరు. సార్టింగ్‌లో వాళ్ళకి పని తగ్గుతుంది, మీవి ముందు కదులుతాయి.

మూతికి పిన్నులు కొట్టకండి, పోస్ట్‌మ్యాన్ వేళ్ళకి గుచ్చుకుంటాయి, పక్క ఉత్తరాన్ని పట్టి లాగుతాయి. రెండు చిన్న బిళ్ళ స్టిక్కర్లు చాలు. బైండింగ్‌వాళ్ళు మైదా గమ్ముతో అంటిస్తామంటే ఒప్పుకోకు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పచ్చళ్ళు అమ్మేవాళ్ళ కాగితానికి అదెందుకు? మడతపెట్టే ఆడవాళ్ళకి కూలి ఆ పూటే చేతిలో పెట్టు. బిల్లు వచ్చాక ఇస్తామనే మాట నీ నోట రాకూడదు.

మామిడికాయ ఏప్రిల్‌లో దిగుతుంది. జనం ఎక్కడ కొనాలో తేల్చుకునేది దానికి ముందే కాబట్టి ఉగాదికల్లా కాగితం వాళ్ళింట్లో ఉండాలి. వారం పది రోజులు పోస్టుకి వదులు.

ప్రెస్సుకి ఫైల్ ఇవ్వకముందు అదే కాగితంతో నాలుగు డమ్మీలు చేసి, నిజంగా స్టాంపులు అంటించి పోస్టు చెయ్యి. ఒకటి నాకు, ఒకటి హైదరాబాదులో మీ అత్తకి, ఒకటి బెంగళూరులో మీ తమ్ముడికి, ఒకటి నీ పేరు మీదే. ఏది ఎన్నో రోజుకి చేరింది, మడత ఎలా ఉంది, స్టిక్కరు ఉందా ఊడిందా అన్నీ నేను చూస్తాను. మీ తమ్ముణ్ణి ఫోటో తీసి పంపమను. స్టాంపు తక్కువ అంటించావంటే తేడాకి రెట్టింపు ఇక్కడ నా దగ్గర వసూలు చేస్తారు, ఆ డబ్బు నీ దగ్గర పట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ

తా.క. కిందటిసారి పంపిన పండుమిరప పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది. కస్టమర్లకీ అదే పంపారా?