నివాసయోగ్య నగరాల ర్యాంకులు నమ్మి చెన్నైలో ఇల్లు చూసుకోవచ్చా?

హైదరాబాదు నుంచి చెన్నైకి బదిలీ అయింది, నగరాల సుస్థిరత మీదా నివాసయోగ్యత మీదా చేసే అధ్యయనాల్లో చెన్నైకి మంచి ర్యాంకే ఉంది, వాటిని నమ్మొచ్చా అని కదా మీ ప్రశ్న. నమ్మండి. ఆ ర్యాంకు ఇచ్చినవాళ్ళెవరూ జూన్ నెలలో మడిపాక్కంలో రెండో అంతస్తులో కాపురం చెయ్యలేదని మాత్రం గుర్తుంచుకోండి.

కేంద్ర ప్రభుత్వం వాళ్ళ 2020 ఈజ్ ఆఫ్ లివింగ్ సూచీలో పది లక్షల జనాభా దాటిన నగరాల్లో బెంగళూరు మొదటిది, చెన్నై నాలుగోది, మీ హైదరాబాదు 24. బెంగళూరులో ఉండే మా బావమరిదికి ఫోన్లో చెప్తే ఆపకుండా నవ్వాడు. అప్పుడు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్కులో ఉన్నాడు లెండి, నవ్వడానికి టైముంది. అందులో జనాభిప్రాయానికి 30 శాతం మార్కులు, సుస్థిరతకు 20. ఆ అభిప్రాయాలు ఎప్పుడు అడిగారు? 2020 జనవరి నుంచి మార్చి మధ్య. ఇక్కడ వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతికి బావులూ బోర్లూ కాస్త కళకళలాడుతుంటాయి. పెళ్ళిచూపుల్లో పిల్లాడు ఎంత నెమ్మదస్తుడో జనవరిలో చెన్నై కూడా అంతే!

నాది నెల్లూరు జిల్లా. కండలేరు డ్యాము మా ఊరికి మరీ దూరమేం కాదు. ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983లో తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు, 1996లో కృష్ణా నీళ్ళు మొదటిసారి ఇటు వచ్చాయి. కండలేరు నుంచి తమిళనాడు సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలవ, అక్కణ్ణుంచి పూండి జలాశయం. మీరు తాగేది మా ఊరి నీళ్ళేనని ఆఫీసులో గొప్పలు పోయేవాణ్ణి. 2019లో ఆ నోరు పడిపోయింది.

ఆ వేసవిలో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండాయి. ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్లు. అవి టీవీలో చూసిన సంగతులు. మా ఎనిమిది ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో వేరే కథ నడిచింది. ప్రైవేటు లారీ అర్ధరాత్రి రెండింటికి వచ్చేది. డ్రైవరు హారన్ కొట్టడు, మిస్డ్ కాల్ ఇస్తాడు. హారన్ కొడితే పక్క వీధివాళ్ళు బిందెలతో వచ్చేస్తారట. మాలో ఇద్దరం కిందికి దిగి సంప్ మూత తీసి, సెల్ ఫోన్ వెలుగులో లోపలికి పొడవాటి కర్ర దించి కొలిచేవాళ్ళం. లారీ రాకముందు ఎంత తడి, వచ్చాక ఎంత తడి అని కర్ర మీద పెన్సిలుతో గీతలు. పన్నెండు వేల లీటర్లకు డబ్బిస్తే తొమ్మిదివేలే దించిన రాత్రులున్నాయి. ఎవరితో పోట్లాడతాం, రేపు మళ్ళీ అతనే రావాలి.

సరిగ్గా ఆ రోజుల్లో నాన్న ఊరి నుంచి వచ్చారు. ఒక రాత్రి మాతో పాటు కిందికి దిగి, లారీనీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏందబ్బాయా, మన కండలేరు నీళ్ళు మీ ఇంటికొస్తాయంటివే, ఈ లారీ ఏంది?" అన్నారు. కండలేరులోనే నీళ్ళు అడుగంటాయని నేను చెప్పాలా ఆయనకి! పొద్దున లేచి అపార్ట్‌మెంటు చుట్టూ తిరిగారు, పొలం గట్టు మీద తిరిగినట్టు. డాబా మీంచి దిగే పైపు దగ్గర ఆగి, "వాన నీళ్ళు యాడికి పోతాయి?" అన్నారు. ఇంకుడు గుంట ఉంది నాన్నా, ఇక్కడ 2003లోనే ప్రతి ఇంటికీ తప్పనిసరి చేశారు అన్నాను ధీమాగా. వాచ్‌మన్ చేత దాని ఇనప మూత తీయించారు. లోపల గడ్డకట్టిన సిమెంటు, పగిలిన టైల్సు, రంగు డబ్బా, చెయ్యి ఊడిన బొమ్మ. పైపు కింద కొస మలుపు తిప్పి వీధి కాలవలో కలిపేసి ఉంది. బిల్డరు ఆ గుంట తవ్వింది ప్లాను ఆమోదం కోసం ఫొటో తీయించడానికి!

అంతకన్నా అన్యాయం ఇంకోటి. ఆ మూలే పాత బావి ఒకటి, పైన స్లాబు, స్లాబు మీద గ్రౌండ్ ఫ్లోరు ఆయన స్కూటరు. పన్నెండేళ్ళుగా అక్కడున్నాను, అక్కడ బావి ఉందని నాకు తెలీదు.

ఆ రాత్రి లెక్క వేశాను. మా డాబా 2400 చదరపు అడుగులు. చెన్నైలో ఏడాదికి సగటున 1400 మిల్లీమీటర్ల వాన. మొత్తం పడితే మూడు లక్షల లీటర్ల పైమాటే, అంటే ఇరవై ఆరు లారీలు. మీటింగులో ఇది చెప్తే సెక్రటరీగారు "వాన పడితే కదా సార్" అన్నారు. ఇదే వీధిలో 2015 డిసెంబరులో పడవ తిరిగింది. ఆ ఒకటో తారీఖున తాంబరంలో ఒక్కరోజే 49 సెంటీమీటర్లు కురిసింది. ఆయనా ఆ పడవెక్కినవారే.

చివరికి ఇంటికి నాలుగున్నర వేలు వేసుకున్నాం, రెండు లారీల డబ్బు. డాబా పైపులన్నీ కలిపి కంకర, బొగ్గు, ఇసుక పోసిన చిన్న ఫిల్టరు తొట్టిలోంచి బావిలోకి మళ్ళించాం. రెండేళ్ళకు మా బోరు నీళ్ళ ఎరుపు తగ్గింది. దానివల్లేనా అంటే, నా మట్టుకు దానివల్లే.

ఊరంతా ఇదే వరస. వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది, లేకు లేదు. 1920లలో ఆ చెరువు పూడ్చి టీ నగర్ కట్టారు. పళ్ళికరణై చిత్తడి నేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ హోదా వచ్చింది, సంతోషం, దాని ఒడిలోనే పెరుంగుడి చెత్తకుప్ప. ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటుకీ పేవర్ బ్లాకుల పిచ్చి పట్టింది. నేల కనపడితే నామోషీ వీళ్ళకి.

ఇంతకీ మీ ప్రశ్న. రండి, మంచి ఊరే, ఫిల్టరు కాఫీ కోసమైనా ఉండొచ్చు. ఇల్లు మాత్రం మే నెలలో చూడండి. బ్రోకరుతో కాదు, వాచ్‌మన్‌తో మాట్లాడండి, నెలకు ఎన్ని లారీలని అడగండి. డాబా పైపు పట్టుకుని కిందిదాకా నడవండి. మీరు డిసెంబరులో చేరతానంటున్నారు కాబట్టి, గోడల మీద 2015 నీటి మరక ఎంత ఎత్తున ఉందో కూడా చూసుకోండి, రంగులు వేసినా మెట్ల కింద దొరుకుతుంది.

బావి మీంచి స్కూటరు తీయించినందుకు గ్రౌండ్ ఫ్లోరు ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడరు.