పాఠకుల ప్రశ్నలు: అందుబాటు ధరలో బలమైన బండి

ప్రశ్న: సెలవులు మొదలైన దగ్గర్నుంచి నా మనసు ఒక పెద్ద మోటార్‌సైకిల్ చుట్టూనే తిరుగుతోంది. ఆరేళ్లుగా 125 సీసీ బండి నడుపుతున్నాను. కొంత పొదుపు చేశాను. ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న బండి కొని, నా భార్యతో కలిసి దూర ప్రయాణాలు చేయాలని ఉంది. ఖర్చు మాత్రం నా స్తోమతకు మించకూడదు. ఎలా ఎంచుకోవాలి?

జవాబు: తీరిక దొరికినప్పుడే ఇలాంటి కోరికలు బలపడతాయి, అందులో తప్పేమీ లేదు. అయితే సెలవుల్లో మనం ఊహించుకునే ప్రయాణం ఏడాదికి పది రోజులదైతే, మిగిలిన రోజులన్నీ అదే బండిని రద్దీలోనూ వానలోనూ నడపవలసి ఉంటుంది. కాబట్టి బండ్ల వివరాలు చూడబోయే ముందు, గడిచిన ఏడాదిలో ఏ రోడ్ల మీద, ఎంత వేగంతో, ఎన్నిసార్లు ఇద్దరు కలిసి తిరిగారో ఒక కాగితం మీద రాసుకోండి.

ఇక బలం సంగతి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అయినప్పటికీ, చదునైన రోడ్డు మీద, ఎదురుగాలి లేనప్పుడు, మామూలు బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా సాగడానికి సుమారు 10 నుంచి 12 హార్స్‌పవర్ సరిపోతుంది. మిగిలిన బలమంతా ముందున్న లారీని దాటడానికి, ఎత్తు ఎక్కడానికి, వెనక మనిషితోనూ సామానుతోనూ పికప్ తగ్గకుండా ఉండటానికి. అందువల్ల చూడవలసింది గరిష్ఠ హార్స్‌పవర్ ఎంత అన్నది కాదు, మీరు నిత్యం నడిపే ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లలో, అందులో ఎంత చేతికి అందుతుంది అన్నది.

రెండు బండ్లను పోల్చి చూపిస్తాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650లో 648 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిను ఉంది. దాని గరిష్ఠ శక్తి సుమారు 47 హార్స్‌పవర్, టార్కు, అంటే ఇంజిను తిప్పే బలం, 52 న్యూటన్ మీటర్లు. ఆ టార్కు 5,200 ఆర్‌పీఎం ప్రాంతంలోనే దొరుకుతుంది. కేటీఎం 390 డ్యూక్‌లో 373 సీసీ ఇంజినుతో వచ్చిన పాత రకానిది ఒకే సిలిండరు. శక్తి సుమారు 43 హార్స్‌పవర్, అది కూడా 9,000 ఆర్‌పీఎం దగ్గర. టార్కు 37 న్యూటన్ మీటర్లు, 7,000 దగ్గర. కాగితం మీద తేడా నాలుగు హార్స్‌పవర్ మాత్రమే. కానీ టార్కును ఆర్‌పీఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి, ఒక కిలోవాట్ సుమారు 1.34 హార్స్‌పవర్ కనుక, 5,000 ఆర్‌పీఎం దగ్గర లెక్క వేస్తే మొదటిది దాదాపు 36 హార్స్‌పవర్ ఇస్తుంది. రెండోది, దాని గరిష్ఠ టార్కు మొత్తం అక్కడే దొరికిందనుకున్నా, 26 దాటదు. చిన్న ఇంజిను బండి గేరు దించి, ఇంజినును ఎక్కువగా తిప్పి ఆ లోటు పూడ్చుకోగలదు. పైగా చాలా తేలిక, మలుపుల్లో చురుకు. ఒంటరిగా, ఊళ్లోనే ఎక్కువగా తిరిగే వారికి నేను దానినే చెబుతాను. ఇద్దరు కలిసి గంటల తరబడి ప్రయాణించాలన్న మీకు మాత్రం, మాటిమాటికీ గేరు దించే పని లేని, అదురు తక్కువగా ఉండే రెండు సిలిండర్ల బండి నయమని నా అభిప్రాయం. అది 200 కిలోలు దాటుతుంది కాబట్టి, కొనే ముందు ఇంజిను ఆపి, వెనక్కి నెట్టి, మలిపి చూడండి. మీ భార్యగారిని కూడా టెస్ట్ రైడ్‌కు తీసుకువెళ్లండి, ఎందుకంటే వెనక సీటు సంగతి ఆవిడే చెప్పగలరు.

ధర చూసి మాత్రమే అందుబాటులో ఉందని అనుకోవద్దు. నా మొదటి పెద్ద బండిని నేనూ సెలవుల్లోనే, ఉన్న పొదుపంతా పెట్టి కొన్నాను. వెనక టైరు అరిగేనాటికి దాన్ని మార్చే డబ్బు చేతిలో లేక, రెండు నెలలు బండిని ఇంట్లోనే నిలబెట్టాను. ఆ బాధ ఇంకా గుర్తుంది. వెడల్పైన మెత్తటి టైర్లు, చైను, అది తిరిగే పళ్ల చక్రాల (స్ప్రాకెట్) సెట్టు, బ్రేకు ప్యాడ్లు, బీమా, సర్వీసింగ్ ఒక్కొక్కటీ ఎంతవుతుందో అడిగి తెలుసుకుని, కనీసం మొదటి ఏడాది ఖర్చును బండి ధరకు కలిపి చూడండి. ఇద్దరికీ మంచి హెల్మెట్లు, జాకెట్లు, గ్లౌజులు కొనే డబ్బు కూడా అందులోనే ఉండాలి. 1988లో బీఎండబ్ల్యూ కే100 బండ్లతో మోటార్‌సైకిళ్లకు వచ్చిన ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఇప్పుడు ఈ తరగతి బండ్లలో మామూలుగా దొరుకుతోంది. అది లేని బండిని, ఎంత చవకగా వచ్చినా, తీసుకోవద్దు.

ప్రశ్న: అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా పెద్ద బండి వస్తుంది కదా?

జవాబు: వస్తుంది, కానీ పెద్ద బండి పాతదైనా దాని టైర్ల ధర, స్పేర్ పార్టుల ధర కొత్తదాని ధరలే. అందుకు సిద్ధమైతే చూడండి. టైరు పక్కన DOT అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. వెనక స్ప్రాకెట్ మీద చైనును వెనక్కి లాగితే పళ్ల నుంచి బాగా పైకి లేస్తే, అది అరిగినట్టే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీద నూనె జాడ, హ్యాండిల్ కొసల మీద, లివర్ల చివర గీతలు ఉన్నాయేమో చూడండి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పినప్పుడు మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగులు పోయాయన్నమాట. అన్నిటికన్నా ముఖ్యంగా, మీరు వెళ్లేసరికి ఇంజిను చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే చేయి పెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి మొరాయించే బండిని, లోపలి నుంచి టకటక శబ్దం చేసే బండిని వేడెక్కించి దాచవచ్చు. అడిగిన తర్వాత కూడా వేడిగానే సిద్ధం చేసి ఉంచితే, ఆ బండి ఎంత నచ్చినా తిరిగి వచ్చేయండి.