తేదీ లేని ఉత్తరం, రావాల్సిన 90 వేలు

ప్రశ్న: నేను రిటైర్డ్ తెలుగు టీచర్ని. బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాను. ఇక్కడి ఒక జైల్లో 2022 జులై నుంచి 2023 డిసెంబరు దాకా తెలుగు మాట్లాడే మహిళా ఖైదీలకు చదవడం, రాయడం నేర్పాను. నెలకు 5,000 గౌరవ వేతనం అన్నారు, ఒక్క రూపాయీ రాలేదు. డబ్బు కోసం కాదు, సేవగానే చేశాను. కానీ ఈ అవమానం భరించలేకపోతున్నాను. 2024 ఆగస్టులో ఒక లెటర్ చేతికిచ్చారు. 18 నెలల బాకీ ఉంది, గ్రాంట్ రాగానే ఇస్తామని అందులో ఉంది. దాని మీద తేదీ లేదు. మనమే వేసేద్దామంటున్నాడు మా అల్లుడు. చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, మీరు రాసి పంపిన నాలుగు పేజీల్లో కేసును తేల్చేది చివర రెండు లైన్లలో రాసిన ఆ లెటరే. మిగతాదంతా కోర్టుకు అక్కర్లేదు.

డబ్బు వసూలుకు గడువు మూడేళ్లు. మీది నెలవారీ వేతనం కాబట్టి ఏ నెలకా నెలే లెక్క. అంటే 2022 జులై డబ్బుకు గడువు 2025లోనే తీరింది. ఆ తర్వాత నెలకొకటి చొప్పున రాలిపోతూ ఉంటాయి. మీరిచ్చిన వినతిపత్రాలు ఎన్నున్నా గడువు ఒక్కరోజు కూడా పెరగదు. అయితే గడువులోపల బాకీని ఒప్పుకుంటూ సంతకం పెట్టి రాసిస్తే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. 'ఇప్పుడే ఇవ్వలేం, గ్రాంట్ రావాలి' అని రాసినా అది ఒప్పుకోలే. లెటర్ ఇచ్చింది 2024 ఆగస్టులోనేనని రుజువైతే, మొత్తం 18 నెలలకూ 2027 ఆగస్టు వరకు సమయం ఉంది. సంతకం చేసిన అధికారికి ఆ అధికారం లేదని అవతలివాళ్లు వాదించవచ్చు. అందుకు ఆఫీసు ఫైలు కావాలి, దాని సంగతి తర్వాత చెబుతాను.

తేదీ మాత్రం మీరు వేయొద్దు, మీ అల్లుడి చేత వేయించొద్దు. 'నిజమైన తేదీయే కదా' అంటారు. కొరివితో తల గోక్కోవడమే అది. సిరా తేడా ఒక్కటి చాలు, నిజమైన పత్రం కాస్తా దొంగ పత్రమవుతుంది. బాకీ సంగతి పక్కకుపోయి, భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ ఆరోపణకు మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. పైగా ఆ అవసరమే లేదు. తేదీ లేని ఒప్పుకోలు ఎప్పుడు రాసిందో నోటి సాక్ష్యంతో చెప్పుకోవచ్చని అదే సెక్షన్ 18 అంటోంది. అందులో ఏముందో మాత్రం మామూలుగా నోటితో చెప్పనివ్వదు. అందుకే ఒరిజినల్ ప్రాణం. దాన్ని పర్సులో నాలుగు మడతలు పెట్టి తిప్పుతున్నానని రాశారు! టీచరమ్మా, పిల్లల ప్రోగ్రెస్ కార్డులు ఇలాగే దాచారా?

మీరు పంపిన ఫోటో చూశాను. 'దినాంక' అని కన్నడంలో అచ్చయిన చోట ఖాళీగా ఉంది, కానీ పైన లెటర్ నంబరు ఉంది. ఆ నంబరు ఎదురుగా వాళ్ల డిస్పాచ్ రిజిస్టర్లో, అంటే బయటికి పంపే ఉత్తరాలు నమోదు చేసే పుస్తకంలో, తేదీ ఉండాలి. ఆర్టీఐ కింద ఆ పేజీ నకలు, ఆ లెటర్ ఆఫీసు కాపీ, దాని నోట్ ఫైలు (దానిపై అధికారులు రాసుకున్న నోట్స్) అడగండి. ఫీజు 10 రూపాయలు. కర్ణాటకలో దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒక్క విషయమే ఉండాలి, కాబట్టి మీ కథ అందులో రాయకండి. గ్రాంట్ మంజూరు ఉత్తర్వు, విడుదల వివరాలు, వినియోగ ధ్రువపత్రం అంటే యూసీ కోసం ఇంకో దరఖాస్తు పెట్టండి. డబ్బు గౌరవ వేతనం పద్దులో వచ్చి ఖర్చు పెట్టక మార్చి 31న ల్యాప్స్ అయి (మురిగిపోయి) ఉంటే, లేదా వేరే పద్దుకు వెళ్లి ఉంటే, 'గ్రాంట్ రాలేదు' అన్న మాట అక్కడితో సరి. లెటర్ చేతికొచ్చిన రోజే దాని ఫోటోను మీ అమ్మాయికి వాట్సాప్‌లో పంపానన్నారు కదా, ఆ రెండు ఫోన్లూ మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో ఆ మెసేజ్‌ను తేదీకి రుజువుగా కోర్టులో పెట్టవచ్చు.

'సేవగానే చేశాను' అని మూడు చోట్ల రాశారు. ఇక ఎక్కడా రాయకండి. ప్రభుత్వంతో మీకు పద్ధతి ప్రకారం కాంట్రాక్టు లేదని తేలితే మిగిలేది కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70, అంటే పని వల్ల లాభపడినవాళ్లు దానికి డబ్బివ్వాలనే సెక్షన్. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పనికే అది వర్తిస్తుంది. ఈ రోజుల్లో వయోజన విద్య ఎక్కువగా వాలంటీర్ల మీద నడుస్తోంది. 2022-27కు 1,037.90 కోట్లతో కేంద్రం ఆమోదించిన ఉల్లాస్ కార్యక్రమం కూడా అంతే. మీరూ వాలంటీరే అన్నది అవతలి లాయరు మొదటి వాదన అవుతుంది. మీ మాటతోనే మిమ్మల్ని ఓడిస్తారు.

చీటింగ్ కేసు నిలవదు. మొదట్నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపలేరు.

జైళ్లు రాష్ట్ర జాబితాలోవి కాబట్టి దావా కర్ణాటక ప్రభుత్వం మీద వేయాలి, సూపరింటెండెంట్ మీద కాదు. ముందుగా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ప్రభుత్వ కార్యదర్శికి లేదా జిల్లా డిప్యూటీ కమిషనర్‌కు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు గడువు లెక్కలోకి రావు. చాలాసార్లు నోటీసుతోనే ఫైలు కదులుతుంది. లాయరు ఖర్చు టెన్షన్ వద్దు. ఆదాయం ఎంతున్నా మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. వెళ్లేటప్పుడు ఒరిజినల్ చూపించండి, జిరాక్స్ మాత్రమే ఇచ్చి రండి.