12.50 అని వెతికితే 12750 ఎందుకు వస్తోంది?

ధరల పట్టికలో గ్రెప్‌తో (ఫైలులో పాఠాన్ని వెతికే కమాండు) 12.50 కోసం వెతికితే 12750 ఉన్న వరుసలు కూడా వస్తున్నాయనీ, [పాత] అని గుర్తు పెట్టిన సరుకుల కోసం వెతికితే దాదాపు పట్టిక మొత్తం వస్తోందనీ మీరు అడిగారు. రెండింటికీ కారణం ఒక్కటే: మీరు ఇచ్చినదాన్ని గ్రెప్ ఉన్నది ఉన్నట్టుగా కాక, నమూనాగా చదువుతోంది.

నమూనాలో చుక్కకు "ఏదైనా ఒక్క గుర్తు" అని అర్థం. కనుక 12 తరువాత ఏదో ఒకటి, ఆపైన 50 ఉన్న ప్రతి వరుసా సరిపోతుంది. చదరపు బ్రాకెట్లకు "లోపలివాటిలో ఏదో ఒకటి" అని అర్థం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌లో "పా" ఒకే గుర్తు కాదు, ప వేరు, దీర్ఘం వేరు. అందుచేత ప గాని త గాని లేని "కారం" సైతం, కేవలం దీర్ఘం ఉన్నందువల్ల, [పాత]కు దొరుకుతుంది. తెలుగు పాఠంతో పనిచేసేవారు ఈ సంగతిని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

ఇదే చుక్క వల్ల నేను నష్టపోయాను. ఒక దుకాణం సరుకుల జాబితాలో 12.50ను 13.50గా మార్చమని సెడ్‌కు (ఫైలులో పాఠాన్ని మార్చే కమాండు) చెప్పి, నకలు తీయకుండా అసలు ఫైలు మీదే నడిపాను. నిల్వ విలువగా ఉన్న 12750 కాస్తా 13.50 అయిపోయింది. రెండు రోజుల తరువాత మొత్తాలు కుదరకపోవడంతో విషయం బయటపడింది. కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క వరుసనూ చేత్తో సరిదిద్దవలసి వచ్చింది.

మీకు కేవలం వెతకడమే పని అయితే, గ్రెప్‌కు హైఫన్, పెద్ద ఎఫ్ (-F) ఇవ్వండి. అప్పుడు ఏ గుర్తుకూ ప్రత్యేకార్థం ఉండదు. సెడ్‌లో అటువంటి సదుపాయం లేదు కనుక, చుక్కను మామూలు చుక్కగానే చదవాలంటే 12\.50 అనో 12[.]50 అనో రాయాలి. నాకు రెండవదే ఇష్టం, ఎందుకంటే మీ నమూనాను గ్రెప్, సెడ్‌ల కంటే ముందు షెల్ (మీరు టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాము) చదువుతుంది. కోట్లు (కొటేషన్ గుర్తులు) లేకుండా రాస్తే బ్యాక్‌స్లాష్‌ను (\) అదే తీసేసి, ఒట్టి చుక్కను మాత్రమే లోపలికి పంపుతుంది. ఏది రాసినా ఒంటి కోట్లలో పెట్టండి. జంట కోట్లలో డాలరు గుర్తునూ బ్యాక్‌స్లాష్‌నూ షెల్ తన సొంత అర్థంతో చదువుకునే అవకాశం ఉంది.

సెడ్‌లో కొత్తగా పెట్టే భాగానికి నియమాలు వేరు. అక్కడ చుక్క మామూలు చుక్కే, కానీ & గుర్తు వస్తే దొరికిన పాత పాఠమంతా ఆ చోట చేరుతుంది. "ఉప్పు & పప్పు" అని పెట్టాలంటే \& అని రాయవలసిందే.

మార్పు చేసే ముందు అదే నమూనాను గ్రెప్‌కు ఇచ్చి, వచ్చే వరుసలన్నీ కళ్లతో చూడండి. ఆ తరువాత కూడా సెడ్‌ను మొదట ఫైలు నకలు మీదే నడపండి.