పైలట్లకు అసాధారణ జ్ఞాపకశక్తి, ఒకేసారి పది పనులు చక్కబెట్టే నేర్పు ఉండాలా?

అక్కర్లేదు, విమాన భద్రత పైలట్ జ్ఞాపకం కంటే చెక్‌లిస్టు (ఒక్కొక్కటిగా సరిచూసుకోవాల్సిన పనుల జాబితా) మీద, ఇద్దరు పైలట్లు పని పంచుకోవడం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. శ్రద్ధ పెట్టాల్సిన రెండు పనులను మెదడు నిజానికి ఒకేసారి చేయదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంటుంది. ఆ మారడంలోనే ఏదో ఒకటి జారిపోతుంది, టెన్షన్‌లో అయితే మరీనూ.

1972 డిసెంబరులో అమెరికాలోని మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో ముందు చక్రం దిగిందని చూపే లైటు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ దాని మీదే పడ్డారు. ఈలోగా విమానాన్ని తనంతట తానే నడిపే ఆటోపైలట్ ఎత్తును నిలపడం మానేసింది; విమానం మెల్లగా దిగిపోతున్నా ఎవరూ గమనించలేదు, చిత్తడి నేలలో కూలింది. చక్రం బాగానే దిగింది, మాడింది బల్బులే!

అనుభవజ్ఞులకు చెక్‌లిస్టు ఎందుకని చాలామంది అనుకుంటారు. కానీ అలవాటైన పనిలోనే 'చేసేశాం' అన్న భ్రమ ఎక్కువ. కొన్ని అత్యవసరాల్లో మొదటి చర్యలు మాత్రం కంఠతా రావాలి, ఆ వెంటనే మళ్లీ చెక్‌లిస్టే.