ధైర్యానికి మాత్ర ఉందా, డాక్టర్?

ప్రశ్న: నా వయసు 39. పదిహేనేళ్లుగా అకౌంట్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అది మానేసి పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్‌గా మారాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. రాజీనామా లేఖ రాసి ఫోన్‌లో ఉంచుకున్నాను. పంపుదామని తెరిచిన ప్రతిసారీ గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పడం. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలై రాత్రి నిద్ర పట్టదు. ఈసీజీ నార్మల్ అన్నారు. ‘బంగారంలాంటి ఉద్యోగం, ఈ వయసులో ఇదేం ఆలోచన’ అంటోంది నా భార్య. స్నేహితుడు ఇచ్చిన టెన్షన్ మాత్ర సగం వేసుకుంటే హాయిగా నిద్ర పట్టింది. ధైర్యం రావడానికి ఏదైనా మందు ఉంటే చెప్పగలరు.
- ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి తేల్చేద్దాం. పేరు మీరు రాయలేదు. సగానికే అంత హాయిగా నిద్ర పట్టిందంటే ఆల్ప్రజోలం లాంటిదేనని నా అనుమానం. అది ధైర్యం ఇవ్వదు, మెదడును కాసేపు జోకొడుతుంది, అంతే. కొన్ని వారాలు వరసగా వేసుకుంటే ఒళ్లు అలవాటు పడిపోతుంది. సగం చాలక ఒకటి, ఒకటి చాలక రెండు. అలా వాడి ఉన్నట్టుండి మానేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ వేసుకోమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. కాబట్టి ధైర్యానికి మాత్ర లేదు. అయినా మీకు లేనిది ధైర్యమేనా అన్నది నా సందేహం.

లేఖ తెరవగానే ఏం జరుగుతోందో చూద్దాం. ప్రమాదం వచ్చిందని మెదడు అనుకున్న క్షణంలోనే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. పేగులకు వెళ్లాల్సిన రక్తం కండరాల వైపు మళ్లుతుంది, కడుపులో తిప్పేది అందుకే. ఎదురుగా ఉన్నది పామో, ఫోన్‌లో ‘సెండ్’ బటనో ఒంటికి తెలియదు. ఇంతవరకు మామూలే. ఆ తర్వాత మీరు లేఖ మూసేస్తారు. దడ తగ్గి, ప్రాణం కుదుటపడుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. మూసేస్తే హాయి అన్న పాఠాన్ని మెదడు ప్రతిసారీ నేర్చుకుంటోంది. మూడేళ్లలో ఎన్నిసార్లు తెరిచి మూశారో గానీ, అన్నిసార్లూ ఆ భయానికి మీరే నీళ్లు పోశారు.

దీనికి తోడు మన లెక్క కూడా తప్పుతుంది. చేతిలో ఉన్నది పోతే కలిగే బాధ, అంతే విలువైనది దొరికితే కలిగే సంతోషం కంటే బలంగా ఉంటుందని డానియెల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లోనే రాశారు. మీ జీతం, సీనియారిటీ మీకు పైసలతో సహా తెలుసు. క్లాస్‌రూమ్ మాత్రం ఇంకా ఊహలోనే ఉంది. అకౌంట్స్ మనిషి కదా, ఒక వైపు అంకెలు నిండుగా ఉండి, రెండో వైపు ఖాళీగా ఉన్న పుస్తకం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాకపోవడంలో వింతేముంది?

అయితే ఉద్యోగం మార్చే ముందు ఒళ్లు చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా దడ, చెమట, నిద్రలేమి ఉంటాయి. రక్తహీనత ఉన్నా దడగా ఉంటుంది. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకుంటే చాలు, పెద్ద ప్యాకేజీలేమీ అక్కర్లేదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా ‘ఈసీజీ నార్మల్’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు, వెంటనే చూపించుకోండి. పడుకుని తీసిన ఈసీజీలో అన్నీ బయటపడవు.

ఇంకో ప్రశ్నకు జవాబు మీరే చెప్పాలి. వారం రోజులు సెలవు పెడితే తేలిక పడతారా? పడితే ఇది పని తెచ్చిన అలసట కావచ్చు. బర్నవుట్ అంటున్నది దీన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన సమస్యగానే చూస్తుంది. ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద విరక్తి, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం దాని గుర్తులు. సెలవులోనూ మనసు బరువుగానే ఉండి, ఇష్టమైనవి కూడా రుచించక, తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తూ, ఇదంతా రెండు వారాలకు మించితే డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ముందు వైద్యం, రాజీనామా ఆ తర్వాత. డిప్రెషన్‌లో ఉన్న మనిషి కళ్లకు ఏ ఉద్యోగమైనా చీకటిగానే కనిపిస్తుంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే సైకియాట్రిస్ట్‌ను కలవండి.

ఇవేవీ కావని తేలితే భయానికి చేసే వైద్యం ఒకటుంది. భయపడే వస్తువును కొద్దికొద్దిగా అలవాటు చేయడం. లేఖ పంపొద్దు, తెరవండి. దడ మొదలైనా మూయొద్దు. ఊపిరి పీల్చినదాని కంటే వదలడం నిదానంగా ఉండాలి. పావుగంటకో అరగంటకో దడ దానంతటదే దిగుతుంది. దిగాకే మూయండి. రోజూ ఇలా చేస్తూ పోతే కొన్నాళ్లకు అదే లేఖ మామూలు కాగితంలా కనిపిస్తుంది.

అలాగే టీచర్ పని కూడా కొంచెం రుచి చూడండి. సెలవు రోజుల్లో పదిమంది పిల్లలకు భిన్నాలు చెప్పి చూడండి. నాలుగోసారి చెప్పినా అర్థం కాని పిల్లాడి ముందు మీ ఓపిక ఎంతో అక్కడే తెలిసిపోతుంది. మీకున్నది పిల్లల మీద ఇష్టమో, మీ మేనేజర్ మీద కోపమో కూడా తేలుతుంది. కోపమే అయితే ఆఫీసు మారితే సరిపోతుంది. టీచర్ ఉద్యోగానికి కావాల్సిన అర్హత మీకుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

మీ భార్య మాటను అడ్డంకి అనుకోకండి. ఆవిడదీ భయమే. జీతం లేకుండా ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో కాగితం మీద వేసి, ఇద్దరూ కూర్చుని చూడండి. నేనూ ఒకప్పుడు మంచి ఉద్యోగం వదిలి సొంత క్లినిక్ పెట్టాను. ఆ రోజు నా బీపీ చూసుకుని ఉంటే నాకు నేనే మందు రాసుకోవాల్సి వచ్చేది!

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. మిగిలిన సగం మాత్ర మాత్రం వేసుకోకండి, మీ స్నేహితుడికి తిరిగి ఇవ్వకండి కూడా. ఆయనకు అది ఎవరు రాసిచ్చారో, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నాడో ఒకసారి అడగండి.